సాంటా క్రూజ్‌లో హూలియా లేదు

మొదటి రోజు, మనీలా

మనీలా ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ కౌంటర్ అమ్మాయి నా పాస్‌పోర్టు మీద స్టాంపు కొట్టి, నవ్వుతూ "థాంక్యూ పో" అంది. దిగీ దిగగానే పొమ్మంటోందేమిటా అనుకున్నాను. బయట ఎదురుచూస్తున్న చిన్నికి చెబితే పగలబడి నవ్వింది.

"పో అంటే మన 'అండీ' లాంటిది పిన్నీ. నీకు మర్యాద ఇచ్చింది."

చిన్ని మా అక్క కూతురు. ఇక్కడ మెడిసిన్ మూడో సంవత్సరం. మన పిల్లలు మెడిసిన్‌కి ఫిలిప్పీన్స్ రావడం ఇప్పుడు కొత్త సంగతేమీ కాదు. పైగా 2025 జూన్ నుంచి మనవాళ్ళకి 14 రోజుల దాకా వీసా కూడా అక్కర్లేదు. చిన్నిని చూసి రావడానికే వెళ్తున్నానని మా అక్కకి చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం ఒక కథ.

నేను కోనసీమలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. పోయిన సెలవుల్లో చిన్ని వస్తూ, తన రూమ్మేట్ చెల్లెలి స్కూలు పుస్తకంలోంచి ఒక కథ జిరాక్స్ తీయించి తెచ్చింది. "అక్కడ పిల్లలందరూ చదువుతారు పిన్నీ, మనకి 'దిద్దుబాటు' ఉన్నట్టు" అంది. కథ పేరు 'డెడ్ స్టార్స్'. రాసినావిడ పాజ్ మార్కెజ్ బెనితెజ్. 1925 సెప్టెంబర్ 20న 'ఫిలిప్పీన్ హెరాల్డ్' పత్రికలో వచ్చింది. ఫిలిప్పీన్స్ వాళ్ళు ఇంగ్లీషులో రాసుకున్న మొదటి ఆధునిక కథ అని దానికి పేరు. ఈ 'మొదటి' అనే మాట దగ్గర నాకు కొంచెం అనుమానం ఎక్కువే. మనం 'దిద్దుబాటు' అంటూ ఉండగానే భండారు అచ్చమాంబ 1902లో రాసిన 'ధనత్రయోదశి'ని ఎవరో ఒకరు గుర్తు చేస్తారు కదా. ఇక్కడా అంతే. 1910 నుంచే ఇక్కడి యూనివర్సిటీ విద్యార్థులు తమ పత్రికలో ఇంగ్లీషు కథలు రాస్తున్నారు. కాకపోతే వాటిని చదివితే ఎవరో అప్పజెప్పిన పాఠంలా ఉంటాయట. దీన్ని చదివితే మనిషి మాట్లాడినట్టుంటుంది.

నన్ను ఆపేసింది వేరే లెక్క. అమెరికా ఈ దీవుల్ని స్పెయిన్ దగ్గర 2 కోట్ల డాలర్లకి తీసుకున్నది 1898లో. 1901 ఆగస్టులో 'థామస్' అనే ఓడలో అయిదొందల మందికి పైగా అమెరికన్ టీచర్లు మనీలాలో దిగారు. ఇంగ్లీషు బడులు పెద్ద ఎత్తున మొదలైంది అప్పుడే. పాజ్ పుట్టింది 1894 మార్చి 3న కాబట్టి ఆ ఓడ వచ్చేనాటికి ఆమెకి ఏడేళ్ళు. అక్కణ్ణుంచి ఇరవై నాలుగేళ్ళలో ఆ కథ! మా పిల్లలు పన్నెండేళ్ళు ఇంగ్లీషు మీడియంలో చదివొచ్చి లీవ్ లెటర్ రాయమంటే నీళ్ళు నములుతారు.

సాయంత్రం లునేటా పార్కుకి వెళ్ళాం. ఒకప్పుడు దీని పక్కనే మనీలా కార్నివాల్ జరిగేది, 1908 నుంచి 1939 దాకా ఏటేటా. అందులో ఒక రాణిని ఎన్నుకునేవాళ్ళు. 1912లో రాణి పాజ్ మార్కెజ్! అదే ఏడాది డిగ్రీ కూడా పూర్తి చేసింది. కిరీటం పెట్టుకున్న అమ్మాయి రచయిత్రి అవడమేమిటని చిన్నికి ఆశ్చర్యం. మొదటి కార్నివాల్ రాణుల్లో ఒకరైన పూరా విల్యనువేవా తర్వాత ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం ముందుండి పోరాడింది. 1937లో ఆ హక్కు ఇవ్వాలా వద్దా అని జరిగిన ప్రత్యేక ఓటింగ్‌లో (ప్లెబిసైట్) 4,47,725 మంది ఆడవాళ్ళు అవునని ఓటేశారు. ఆవిడ భర్త ఇంటిపేరు కలావ్. పార్కుని ఆనుకుని ఉన్న రోడ్డు పేరు టి.ఎం. కలావ్ స్ట్రీట్. ఆయన కూడా గొప్ప పండితుడే, కాదనను. అయినా బోర్డు చూసి "భర్తదా?" అని అడక్కుండా ఉండలేకపోయాను.

రెండో రోజు, పాద్రే ఫౌరా

పాజ్ చదివిన యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్ 1908లో ఈ పాద్రే ఫౌరా వీధి చుట్టూ మొదలైంది. తొలి బ్యాచ్‌ల విద్యార్థుల్లో ఆమె ఒకరు. 1916 నుంచి 1951 దాకా, అంటే ముప్ఫై అయిదేళ్ళు, ఇదే యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పింది, కథ రాయడం నేర్పింది. 1945 ఫిబ్రవరిలో జపాన్ సైన్యానికీ అమెరికా సైన్యానికీ మధ్య వీధి వీధినా జరిగిన యుద్ధంలో ఈ పేట మొత్తం బూడిదైంది. ఆ నెల రోజుల్లో లక్ష మంది దాకా మామూలు జనం పోయారంటారు. కాబట్టి ఆమె నడిచిన వరండా ఇదీ అని వేలు పెట్టి చూపించలేం. ఇప్పుడిక్కడ డాక్టర్ చదువులూ, పక్కనే పెద్దాసుపత్రీ. చిన్ని కళ్ళు ఆసుపత్రి మీదే ఉన్నాయి.

గేటు ఎదురుగా కాఫీ తాగుతూ నేను ఆమె శిష్యుల పేర్లు చదివి వినిపిస్తున్నాను. లొరేతో పరాస్ సులిత్, పాజ్ లాతొరేనా, బియెన్‌వెనీదో సాంతోస్, ఫ్రాన్సిస్కో ఆర్సెల్యానా, ఆర్తూరో రోటర్...

చిన్ని కప్పు కింద పెట్టేసింది. "రోటర్? రోటర్ సిండ్రోమ్ రోటరా?"

"అదేంటే?"

"లివర్ చాప్టర్‌లో ఉంటుంది పిన్నీ! పుట్టుకతో వచ్చే పచ్చకామెర్ల లాంటిది, పెద్ద ప్రమాదం ఏమీ ఉండదు. డూబిన్-జాన్సన్‌కీ దీనికీ తేడా రాయమని వైవాలో ఏడిపిస్తారు."

ఫోనులో చూసుకుంటే ఆయనే. ఆర్తూరో బెల్యేసా రోటర్, డాక్టరు, కథకుడు. 1948లో ఆ జబ్బు గురించి మొదట రాసినవాళ్ళలో ఒకరు. కథలు రాయడం నేర్చుకుంది పాజ్ క్లాసులో. అప్పటిదాకా మా పిన్ని పిచ్చి అన్నట్టు వెంట తిరుగుతున్న పిల్ల ఆ క్షణం నుంచి బ్యాగు నా దగ్గర్నుంచి లాక్కుని ముందు నడిచింది.

టాఫ్ట్ అవెన్యూ మీద ఫిలిప్పీన్ విమెన్స్ యూనివర్సిటీ కూడా చూశాం. 1919లో ఏడుగురు ఆడవాళ్ళు కలిసి కాలేజీగా పెట్టారు, ఆ ఏడుగురిలో పాజ్ ఒకరు. 1932లో యూనివర్సిటీ అయింది. అదే 1919లో పాజ్ 'విమన్స్ హోమ్ జర్నల్' పేరుతో ఒక మహిళా పత్రిక కూడా పెట్టింది. అప్పటికి పెళ్ళయి అయిదేళ్ళు, ఇంట్లో పసిపిల్లలు. వంటమనిషి ఉండేదేమో అని చిన్నితో అంటే, "నీకెందుకు పిన్నీ అవన్నీ" అంది. ఎందుకేమిటి, అదే కదా అసలు ప్రశ్న.

మూడో రోజు, కెసోన్ సిటీ

1949లో యూనివర్సిటీ మనీలా నుంచి దిలిమాన్ అనే చోటికి మారింది. పెద్ద పెద్ద చెట్ల కింద, ఊరంత క్యాంపస్. లోపల తిరగడానికి 'ఇకోత్' అనే జీప్నీ (జీపులాంటి చిన్న బస్సు) ఎక్కాలి. ఇకోత్ అంటే చుట్టు తిరగడం. దానికి ఎదురు దిశలో తిరిగే జీప్నీ పేరు 'తోకి', అంటే ఇంగ్లీషులో రాసిన అదే మాటని తిరగేశారు. మేము తోకి ఎక్కేశాం. ఎక్కినచోటికి దగ్గర్లోనే ఉన్న భవనానికి క్యాంపస్ అంతా ప్రదక్షిణ చేసి చేరాం. జీప్నీలో డబ్బులు ఇచ్చే పద్ధతి భలే ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్ళు "బాయద్ పో" అని చిల్లర ముందుకి అందిస్తే, చేతులు మారి డ్రైవర్ దాకా వెళ్తుంది. మిగిలిన చిల్లర అలాగే వెనక్కి వస్తుంది. దిగాలంటే "పారా పో". పారబోయమని కాదు, ఆపండి అని.

మేము వెతుక్కుంటూ వెళ్ళింది బెనితెజ్ హాల్. క్యాంపస్‌లో మొట్టమొదట కట్టిన రెండు భవనాల్లో ఒకటి. ఎడ్యుకేషన్ కాలేజీ ఉండేది అందులోనే. పేరు చూసి మురిసిపోయి ఫోటో దిగబోతుంటే చిన్ని ఫోను చూసి, "ఇది భర్తది పిన్నీ" అంది. ఫ్రాన్సిస్కో బెనితెజ్, ఆ కాలేజీ మొదటి డీన్. 1914లో పాజ్‌ని పెళ్ళి చేసుకున్నది ఆయనే. ఫోటో దిగాననుకోండి. ఆవిడా బెనితెజే కదా.

మధ్యాహ్నం అతెనేయో యూనివర్సిటీకి. ఇది జెస్యూట్ ఫాదర్లది. 1973 దాకా డిగ్రీలో ఆడపిల్లల్ని చేర్చుకునేవాళ్ళు కాదు. ఇప్పుడు అక్కడే ఫిలిప్పీన్స్ రచయిత్రుల కాగితాలు, ఉత్తరాలు, రాతప్రతులు దాచే లైబ్రరీ ఉంది. పాజ్ పేరిట స్మారకోపన్యాసాలు జరిగేదీ ఇక్కడే. ముందుగా మెయిల్ పెట్టుకుని వెళ్ళాం కాబట్టి ఇబ్బంది లేదు. పాజ్ కూతురు వర్జీనియా లికువానన్ 1995లో తల్లి జీవితం, ఉత్తరాలు, రచనలు కలిపి తెచ్చిన పుస్తకం ముందేసుకుని రెండు గంటలు కూర్చున్నాను.

నాలో ఒక ఫిర్యాదు ఉండేది. ఇంత బాగా రాసిన మనిషి ఎందుకు ఆపేసింది? 1928లో 'ఫిలిపినో లవ్ స్టోరీస్' అని వేరేవాళ్ళ కథలతో ఒక సంకలనం తెచ్చింది. అక్కడివాళ్ళు ఇంగ్లీషులో రాసిన కథల సంకలనాల్లో అదే మొదటిదంటారు. 'ఎ నైట్ ఇన్ ది హిల్స్' అనే ఇంకో కథ. ఇక పేరెన్నికగన్నది లేదు. మొత్తం రాసిన కథలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1951లో భర్త పోయాక ఆయన నడిపిన విద్యాపత్రికకి ఎడిటర్‌గా కూర్చుని ఇంకో ఇరవై ఏళ్ళకి పైగా నడిపింది. 1983 నవంబర్‌లో, 89 ఏళ్ళ వయసులో పోయింది.

ఆ గదిలో ఏసీ చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఎదురు టేబుల్ దగ్గర ఒక కుర్రాడు ఎవరిదో రాతప్రతి చూసి పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. నాకు మా ఇంట్లో డైనింగ్ టేబుల్ గుర్తొచ్చింది. రాత్రి గిన్నెలు తోమాక దానిమీద పరిచే పేపర్ల కట్ట. డిగ్రీ చదివే రోజుల్లో నేనూ రెండు కథలు రాశాను, వారపత్రికలో ఒకటి అచ్చయింది. తర్వాత ఎర్ర పెన్ను పట్టుకున్నాను. అంతే. ముప్ఫై అయిదేళ్ళు ప్రతి టర్ములో పాతికమందో ముప్ఫైమందో కథలు రాసి తెచ్చి బల్ల మీద పెడుతుంటే, వాటిలో రోటర్ లాంటివాడు ఎవడో కనిపెట్టి, ఈ వాక్యం తీసెయ్యి, ఇది ఉంచు అని చెప్పడానికి ఎంత చూపు ఖర్చవుతుందో నాకు తెలుసు. ఆవిడ ఆపేసిందని ఇక అనలేకపోయాను. ఫిర్యాదు పూర్తిగా పోలేదు, కానీ ఎవరి మీద చెయ్యాలో తెలియలేదు.

మీరా-నీలా అనే పాత ఇల్లు కూడా చూడాలనుకున్నాం. పాజ్ మరిదిగారి ఇల్లు, 1929లో కట్టింది. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. నేను తీసుకోలేదు. గేటు చూసి వచ్చేశాం.

నాలుగో రోజు, లుసేనా

తెల్లవారుజామున బస్సు. సాన్ పాబ్లో దాటాక రెండు పక్కలా కొబ్బరితోటలు మొదలయ్యాయి. ఇక అంతూ పొంతూ లేవు. దూరంగా బనహావ్ కొండ తలమీద మబ్బు పెట్టుకుని కూర్చుంది. ఆ కొండ ఒక్కటి తీసేస్తే అమలాపురం నుంచి అంతర్వేది వెళ్తున్నట్టే. పాజ్ పుట్టింది ఈ లుసేనాలోనే. అప్పట్లో ఈ ప్రాంతాన్ని తయాబాస్ అనేవాళ్ళు, 1946లో కెసోన్ అని మార్చారు.

కథ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆల్ఫ్రెదో సలసార్ ముప్ఫై దాటిన లాయరు. ఎస్పెరాన్సా అనే అమ్మాయితో ఎప్పుడో నిశ్చితార్థం అయిపోయింది. ఊరికి కొత్తగా వచ్చిన జడ్జిగారి ఇంట్లో హూలియా సలాస్ కనిపిస్తుంది. మొదట్లో ఆమె జడ్జిగారి చెల్లెలనుకుని ఆ ఇంటిపేరుతోనే పిలుస్తూ ఉంటాడు. తీరా చూస్తే ఆయన భార్య చెల్లెలు! కొబ్బరితోట పక్కన సముద్రపు ఒడ్డున ఒక సాయంత్రం ఇద్దరూ నడుస్తారు. మా ఊరూ ఇలాగే ఉంటుంది, కాకపోతే ఇంత మంచి బీచ్ లేదంటుంది ఆమె. మీ ఊరు చూడాలనుంది అంటాడు. ఏముంది చూడ్డానికి, వంకర టింకర వీధులు, కొబ్బరిపీచు ఇంటికప్పులు, వాటిమీద మొలిచే ఆకులు, అప్పుడప్పుడూ గుమ్మడికాయలు అంటుంది. మాకు ఒక్క అమెరికన్ కూడా లేడు తెలుసా, మీకు విసుగొస్తుంది అని కూడా అంటుంది. నాకు ఆ కథలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. మా అమ్మమ్మగారి ఊళ్ళో వంటపాక మీదకి గుమ్మడిపాదు పాకించి, కాయ బరువుకి తాటాకు కుంగకుండా కింద కర్ర పోటు పెట్టేవాళ్ళు. మనీలాలో చదువుకుని ఇంగ్లీషులో రాస్తున్న మనిషి ఆ కాయని వదల్లేదు.

చివరికి ఆల్ఫ్రెదో ఎస్పెరాన్సానే చేసుకుంటాడు. ఎనిమిదేళ్ళ తర్వాత ఒక కేసు పనిమీద సరస్సు ఒడ్డున ఉన్న హూలియా ఊరు వెళ్తాడు. ఆమెకి పెళ్ళి కాలేదు. కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. మాట్లాడతాడు. అంతే, లోపల ఏమీ లేదని తెలుస్తుంది. ఇన్నేళ్ళూ చూస్తున్నది ఎప్పుడో ఆరిపోయిన చుక్కల వెలుగని అర్థమవుతుంది.

లుసేనాలో మధ్యాహ్నం 'పాన్సిత్ హబ్‌హబ్' తిన్నాం. నూడుల్స్‌ని చిన్న అరిటాకు ముక్కలో పెట్టి, పైన వెనిగర్ చిలకరించి ఇస్తారు. చెంచా ఇవ్వరు, చెయ్యి పెట్టకూడదు. ఆకు నోటి దగ్గరికి తెచ్చుకుని గుటుక్కున లాగాలి. పంది మాంసం వద్దని చెప్పడానికి చిన్ని "వలాంగ్ బాబోయ్ పో" అంది. అక్కడి భాష టగాలోగ్‌లో పందిని 'బాబోయ్' అంటారట! "హాస్టల్లో మొదటి వారం మన పిల్లలందరూ మెస్‌లో ప్లేటు చూసి బాబోయ్ అన్నారు పిన్నీ, వాళ్ళు అవును బాబోయే అన్నారు" అంది. వెనిగర్ నా ముక్కులోకి వెళ్ళింది.

దలాహికన్ రేవు దాకా ట్రైసికిల్‌లో వెళ్ళాం. మరిందూకే దీవికి వెళ్ళే పడవలు, చేపల వాసన. కథలో నడిచిన ఒడ్డు ఇదేనని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

అయిదో రోజు, సాంటా క్రూజ్

నా ప్రయాణం మొత్తం ఈ రోజు కోసమే. లుసేనా నుంచి లుక్బాన్, కవింతి, పగ్సన్‌హాన్ మీదుగా జీప్నీ కొండదారిలో దిగి లగూనా జిల్లా ముఖ్యపట్టణం సాంటా క్రూజ్ చేరుతుంది. హూలియా ఊరు. దాని కోసం కదా అయిదు రోజుల నుంచి అక్కని మోసం చేస్తున్నాను.

సరస్సు ఒడ్డుకి వెళ్ళాం. లగూనా దె బాయ్ దాదాపు 900 చదరపు కిలోమీటర్లు, ఆ దేశంలో అన్నిటికంటే పెద్ద సరస్సు. ఒడ్డు పొడుగునా గుర్రపుడెక్క. ఊదారంగు పూలతో సహా మా కాలవల్లో ఉన్నదే. మధ్యలో వెదురు కర్రలు పాతిన చేపల దొడ్లు. ఒక తోపుడుబండి దగ్గర గేదెపాల జున్నులాంటి తెల్ల చీజ్ కొన్నాం, అరిటాకులో చుట్టి ఇచ్చారు. ఉప్పగా, మెత్తగా బాగుంది.

గట్టు మీద కూర్చుని, ఆఖరి పేజీలు చిన్నికి చదివి వినిపిద్దామని జిరాక్స్ తీశాను. రెండో పేరా దగ్గర నా నోరు ఆగిపోయింది.

ఆల్ఫ్రెదో సాంటా క్రూజ్‌లో ఉండాల్సినవాడు. కేసు అక్కడే. కానీ బ్రిహీదా సముయ్ అనే ముసలామె సాక్ష్యం కావాల్సి వచ్చి, ఆమెని వెతుక్కుంటూ పడవెక్కి ఇంకో ఊరు వెళ్తాడు. ఆ ఊరే హూలియాది. పేరు రాయలేదు.

పదిసార్లైనా చదివి ఉంటాను. క్లాసులో పిల్లలకి, ప్రశ్న రాసే ముందు పాసేజ్ జాగ్రత్తగా చదవండర్రా అని రోజూ చెప్పేదాన్ని నేనే.

"అంటే ఏంటి పిన్నీ, ఆయన ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయాడు, నువ్వు ఇక్కడికి వచ్చావు" అంది చిన్ని. "మీ ఇద్దరికీ హూలియా దొరకదు."

కాసేపటికి నాకూ నవ్వొచ్చింది. మ్యాప్‌లో చూస్తే సరస్సు చుట్టూ పాతిక ఊళ్ళున్నాయి. దగ్గర్లో ఉన్నదని పీలా వెళ్ళాం. అదే హూలియా ఊరని కాదు, చీకటి పడేలోపు వెళ్ళగలిగిన ఊరని. పాత చర్చి, దాని ముందు పచ్చిక మైదానం, చుట్టూ ఆల్చిప్ప పలకల కిటికీలున్న పాత మేడలు. ఊరి నడిబొడ్డుని 2000లో చారిత్రక స్థలంగా ప్రకటించారట. కొబ్బరిపీచు కప్పులు ఎక్కడా లేవు, అన్నీ రేకులే. గుమ్మడికాయ కోసం తలెత్తుకుని నడుస్తుంటే కుక్కలు మొరిగాయి.

వీధి చివర ఒక కిటికీ కొట్టు. ఇనుప జాలీ వెనక షాంపూ ప్యాకెట్లు వేలాడుతున్నాయి, లోపల సన్నటి బల్బు. కొట్టు వెనక రేకు మీదకి పాదు పాకింది. గుమ్మడి కాదు, ఆనప. ఒకే ఒక్క కాయ, కింద ఎవరో ప్లాస్టిక్ సంచి కట్టి బరువు ఆపారు. నీళ్ళ సీసాలు అడిగితే హోంవర్కు చేసుకుంటున్న పదిహేనేళ్ళ పిల్ల లేచి ఇచ్చింది. నా చేతిలో కాగితాలు చూసి, "డెడ్ స్టార్స్? మాకూ ఉంది మామ్" అంది ఇంగ్లీషులో.

నచ్చిందా అని అడిగాను.

"ఆల్ఫ్రెదో అంటే నాకు చిరాకు. ఆ ఇద్దర్నీ ఎవరూ ఏమీ అడగలేదు. నేనైతే హూలియాతో చెప్పించి రాసేదాన్ని."

నేను టీచర్ని కదా, రాయి అన్నాను. భుజాలెగరేసింది. మీ దేశంలో ఈ కథ ఉందా అని అడిగింది. లేదన్నాను. మరి ఇంత దూరం ఎందుకొచ్చారంది. నేను ఇంగ్లీషులో మాట వెతుక్కుంటుండగా చిన్ని జాలీ దగ్గరికి వంగి టగాలోగ్‌లో ఏదో గబగబా చెప్పింది. ఇద్దరూ నా వంక చూసి ఒకటే నవ్వు.

"ఏం చెప్పావే?"

"ఏం లేదు పిన్నీ. నీళ్ళు తాగు."

మనీలా బస్సులో కూడా అడిగాను. చెప్పలేదు.